పక్క సీటు

కుట్టు దుకాణం, మిషను దగ్గర
వానలు వెలిసిన వారం

వదినగారికి నమస్కారం.

మోకాలి కట్టు విప్పారా? డాక్టరు నడవమంటే నడవండి. లేకపోతే మంచం దిగకుండా అందరినీ నడిపించడం మీకు బాగా అలవాటైపోతుంది.

ఫోను చెయ్యక ఈ ఉత్తరాలేమిటి అనుకుంటారేమో. ఫోను హాల్లో ఉంది. ఫోను పక్క కుర్చీలో మీ తమ్ముడున్నారు. ఉద్యోగం మానినప్పటి నుంచీ ఆ కుర్చీకి ఆయన కాపలా. నేను మాట్లాడేది ఆయన వినకూడదు కాబట్టి దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. మీ జవాబు కూడా ఇక్కడికే రాయండి.

విషయమేమిటంటే, ఆయన కారు అమ్మేద్దామంటున్నారు. ఇంకే కారు, ఆ ఎర్రదే. టాపు వెనక్కి మడిస్తే నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ ఉండని, ఇద్దరే పట్టే బండి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, తుక్కులో పడున్నదాన్ని కొని, రెండేళ్ళు నడుం విరిగేలా బాగు చేసుకున్నారు. పొద్దున లేవగానే నా మొహం చూసినా చూడకపోయినా దాన్ని ఒకసారి తుడిచి రావాల్సిందే. అలాంటి మనిషి పోయిన వారం అన్నం తింటూ తింటూ "అమ్మేద్దామే" అన్నారు. ఎందుకండీ అన్నాను. "ఇద్దరు పట్టే బండి ఎవరికి పనికొస్తుంది?" అన్నారు. మనమున్నదే ఇద్దరం కదా!

నాకు భయంగా ఉంది వదినా. మనిషి మారిపోయారు. పక్కన కూర్చుని పిలిస్తే ఉలిక్కిపడుతున్నారు. నేను మాట్లాడుతుంటే ఎటో చూస్తూ తింటారు. కంచంలో ఒక పక్క కూర అలాగే వదిలేసి లేచిపోతారు. బాగా కుదరలేదా అంటే "అంతా తినేశాగా" అని కసురుకుంటారు. నామీద కోపమా, ఒంట్లో ఏమన్నానా, ఏదీ అంతుపట్టడం లేదు.

పోనీ అమ్ముతానన్నవారు అమ్మే ధర చెప్పారా? కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, పేపర్లో వేయించిన ధరకి కొత్త బండే వస్తుంది. అమ్మాలనీ ఉంది, అమ్ముడుపోకూడదనీ ఉంది. మీరు పాత కార్ల షాపులో అన్నేళ్ళు లెక్కలు రాసినవారు. న్యాయమైన ధర ఎలా కట్టాలో రాయండి.

మీ మరదలు

*

మా ఇల్లు, మంచం మీంచి

మరదలా,

కట్టు విప్పారు. కాలు మాత్రం ఇంకా నా మాట వినడం లేదు. మా తమ్ముడి పోలిక వచ్చినట్టుంది దానికి.

ధర సంగతి విను. పాత బండికి మూడు ధరలుంటాయి. మొదటిది పలికే ధర, పేపర్లో వేసేది. రెండోది ఒప్పే ధర, నువ్వు మనసులో పెట్టుకుని పైకి చెప్పనిది. మూడోది ఏడ్చే ధర. అంతకన్నా కిందికి దిగితే ఆ రాత్రి నిద్ర పట్టదు. మూడూ ముందే అనుకుని, బేరం మొదలయ్యాక మార్చకూడదు. మా తమ్ముడు చెప్పింది ఈ మూడింట్లో ఏదీ కాదు. అది ముద్దు ధర. దాంట్లోంచి మూడో వంతు కొట్టేస్తే పలికే ధర వస్తుంది.

పట్టపగలు కారు చుట్టూ ఒకసారి శత్రువులా తిరుగు. ప్రతి గీతా, ప్రతి సొట్టా రాసుకో. వచ్చినవాడు చూపించకముందే మనమే చూపించాలి. అప్పుడు వాడికి బేరమాడ్డానికి నోరు రాదు.

తాళంచెవి మాత్రం చచ్చినా కొనేవాడి చేతికివ్వొద్దు. మా షాపులో ఒకడు "ఒక్క రౌండు కొట్టొస్తా" అని తీసుకెళ్ళాడు. ఇప్పటికీ ఆ రౌండులోనే ఉన్నాడు. సొంతదారు నడపాలి, చూడ్డానికొచ్చినవాడు పక్కన కూర్చోవాలి. ఇది మా షాపు వేదం.

ఇక మీ ఆయన చిరాకంటావా, పని మానేసిన మగవాడు ఇంట్లో పరాయి సామాను. ఎక్కడ పెట్టినా అడ్డమే. ఎందుకు అమ్ముతున్నావని గుచ్చి గుచ్చి అడక్కు. అమ్మడమే మంచిది. తొందరగా అమ్మించెయ్యి.

మీ వదిన

*

కుట్టు దుకాణం
గిరాకీ లేని మధ్యాహ్నం

వదినా,

మీ వేదం చదివి వినిపించాను. "అక్క చెప్పిందంటే అది చట్టం" అన్నారు. ధర తగ్గించడానికి రెండు రోజులు అలిగి, మూడో రోజు ఒప్పుకున్నారు. పేపర్లో మళ్ళీ వేశాం.

మీరన్నట్టు శత్రువులా తిరిగాను. కుడి పక్క మొహం చూసుకోవచ్చు, అంత నున్నగా ఉంది. ఎడమ పక్కకి వెళితే అది వేరే బండే. తలుపు పొడుగునా గీత. పక్క అద్దం పగిలి టేపుతో నిలబడి ఉంది. వెనక చక్రం మీద అరచెయ్యంత సొట్ట. ముందు దీపం కింద ఏ గోడదో సున్నం అంటుకుని ఉంది. టాపు అంచు కూడా అటువైపే చిరిగింది. వానలకు ముందు ఇవేవీ లేవు. ఏమండీ అంటే "బండి ఎక్కడో ఆపినప్పుడు ఎవరో గీకారు" అన్నారు. ఊళ్ళో గీకేవాళ్ళందరూ ఎడమ పక్కే గీకుతారా?

ఇక వచ్చినవాళ్ళ సంగతి. మొదట మందుల షాపాయన వచ్చాడు. కారు చూసి మురిసిపోయాడు. వేదం ప్రకారం ఈయన స్టీరింగు ముందు కుడివైపు, ఆయన పక్కన ఎడమవైపు. పావుగంటలో తిరిగొచ్చారు. ఆయన దిగి రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మొహం తుడుచుకుని, ధర మాటే ఎత్తకుండా వెళ్ళిపోయాడు. తర్వాత కొత్తగా పెళ్ళయిన జంట. అబ్బాయి కారులో వెళ్ళాడు, కాలినడకన తిరిగొచ్చాడు! మధ్యలో దిగిపోయాడట. "నాకు నడవడం ఇష్టమండీ" అన్నాడు భార్య మొహం చూడకుండా. ఆ పిల్ల బిత్తరపోయి నన్ను చూసింది. నేనూ అలాగే చూశాను.

ధర ఇంకా ఎక్కువగా ఉందంటారా? ఒప్పే ధరకి దిగమంటారా?

మీ మరదలు

*

మా ఇల్లు

మరదలా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ధర సంగతి తర్వాత. ముందు కారు తాళంచెవి తీసి ఎక్కడైనా దాచెయ్యి. ఇవాళే. ఎవరొచ్చినా బండి షెడ్డులోనే చూపించు, రోడ్డెక్కనివ్వకు. నేను రాసిన వేదం చించి పొయ్యిలో పెట్టు.

కారణం నన్నడక్కు. చెప్పనని ఒట్టు వేశాను. నిన్న మీ ఇంటికి ఫోను చేశాను. వాడే తీశాడు. నువ్వు లేవన్నాడు. బండి తీస్తున్నావా అంటే నవ్వి, నా మోకాలు ఎలా ఉందని అడిగాడు. వాడు నవ్వి మాట మారిస్తే దాని వెనక ఏదో ఉన్నట్టే, చిన్నప్పటి నుంచీ అంతే.

రాగలిగితే ఈపాటికి బయల్దేరి ఉండేదాన్ని.

మీ వదిన

*

కుట్టు దుకాణం

వదినా,

ఎవరికి వేశారు ఒట్టు? నా మొగుడి సంగతి మీకు తెలిసి, నాకు తెలియకూడనిదేమిటి?

కోపంగా రాస్తున్నానని తెలుసు. కోపం కాదిది, భయం. రకరకాలుగా ఆలోచించాను. ఎవరికైనా అప్పున్నారా? ఆ కారుతో ఎవరినైనా గుద్ది దాచారా? ఒక పూటంతా ఇంకో అనుమానం కూడా వచ్చింది, చెబితే నవ్వుతారు. ఇద్దరే పట్టే కారు కదా, ఆ పక్క సీట్లో ఇంకెవరైనా కూర్చుంటున్నారేమో అని. ఈ వయసులో ఈ మనిషికి ఎవరు దొరుకుతారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

తాళంచెవి తీసి దుకాణంలో బొత్తాల డబ్బాలో అడుగున దాచాను. ఆయన రెండు రోజులు ఇల్లంతా వెతికి ఊరుకున్నారు. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అడక్కపోవడమే ఇంకా భయంగా ఉంది.

మీ ఉత్తరం అందడానికి ముందు రోజు సంగీతం టీచరమ్మ వచ్చి చూసింది, పక్క వీధిలో ఉంటుంది. ఆవిడా ఆయన పక్కన కూర్చుని వెళ్ళింది. తిరిగొచ్చాక మిగతా వాళ్ళలా పారిపోలేదు. ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి, గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఈ మధ్య మీరు ఆయన పక్కన కూర్చుని ఎక్కడికన్నా వెళ్ళారా?"

"లేదండీ. నెత్తిన ఎండ తట్టుకోలేక వానలకి ముందే మానేశాను."

"కారు బాగుంది. నాకు కావాలి కూడా. కానీ ఒక్కసారి మీరు కూర్చోండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం." అంతే, వెళ్ళిపోయింది.

శనివారం దుకాణం తొందరగా కట్టేసి ఆ టాపు అంచు కుట్టేస్తాను. చిరిగిన గుడ్డ చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. మీరు మాత్రం నిజం రాయండి. ఒట్టు పోతే పోనివ్వండి. నామీద వేసి తీసేయండి.

మీ మరదలు

*

మా ఇల్లు

తల్లీ,

ఒట్టు తీసి గట్టున పెట్టాను. నిజం ఇది.

వానలకి ముందు ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే వాడికి అద్దంలో సగం మొహమే కనిపించింది. కళ్ళజోడు తుడుచుకున్నాడు, అద్దం తుడిచాడు. మిగతా సగం రాలేదు. నీకు చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు బాగానే ఉన్నాయట. తలలో చూపుకి సంబంధించిన చోట చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. రెండు కళ్ళకీ ఎడమవైపు లేదు. నల్లగా కనిపించడం కూడా కాదట, అసలక్కడ ఏమీ లేనట్టే ఉంటుందట. అందుకే లేదన్న సంగతి కూడా మనిషి మర్చిపోతాడట. బండి ముట్టుకోవద్దన్నారు.

నాకు ఫోను చేసి ఏడ్చాడు. "దానికి చెప్పకక్కా, భయపడి చస్తుంది. బండి నడపడం మానేశాను, నెమ్మదిగా అమ్మేస్తాను" అన్నాడు. నేను నమ్మాను. నువ్వు ధర అడిగితే ఏదో షాపులో కూర్చున్నట్టు నోటికొచ్చిన పాఠం అప్పజెప్పాను. సొంతదారే నడపాలి అని రాసేటప్పుడు ఆ సొంతదారు ఎవరో ఒక్క క్షణం ఆలోచించలేదు. అందరినీ తీసుకెళ్ళి నేనే వాడి చూపులేని పక్కన కూర్చోబెట్టాను. ఎడమ పక్క గీతలన్నీ నువ్వు వరసగా రాశాక గానీ నా బుర్ర వెలగలేదు.

ఈ ఉత్తరం నీకు చేరేలోపు ఏమీ కాకుండా ఉంటే చాలు. వాడి దగ్గర ఇంకో తాళంచెవి ఉండే ఉంటుంది. ముప్పై ఏళ్ళ డ్రైవరు ఒక్క తాళంచెవితో ఉండడు.

మీ వదిన

*

కుట్టు దుకాణం
సోమవారం

వదినా,

మీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నాకు శనివారమే తెలిసిపోయింది. సూది గుచ్చుకున్న వేలితో రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే సర్దుకుని చదవండి.

శనివారం ముందే ఇంటికొచ్చాను. ఆయన కుర్చీలో లేరు, పెరట్లో ఉన్నారేమో అనుకుని నేరుగా షెడ్డులోకి వెళ్ళాను. టాపు వెనక్కి మడిచి, ఎడమ సీట్లో కూర్చుని, చిరిగిన అంచు ఒళ్ళోకి లాక్కుని కుడుతున్నాను. ఇంతలో ఆయన ఈల వేసుకుంటూ వచ్చారు. షెడ్డు తలుపు బార్లా తీసి, కుడి పక్క తలుపు తెరిచి, ఎక్కి కూర్చున్నారు. జేబులోంచి ఇంకో తాళంచెవి తీశారు. దొరికారు దొంగగారు అని నవ్వబోయాను. ఆయన ఒక్కసారి కూడా నావైపు తిరగలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నారనుకున్నాను. బండి కదిలి గేటు దాటింది. సరే, అలకలో ఉన్నారు, ఎంతసేపు పలకరించరో చూద్దామని నేనూ బిగదీసుకుని కూర్చున్నాను.

వీధి మలుపు తిరిగాక ఆయన తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "పోస్టాఫీసు. కొద్దిగా కుడికి. ఇప్పుడు బడి. బడి తర్వాత ఎడమన గోడ. గోడ మర్చిపోకు. వంతెన." పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వల్లిస్తున్నారు. అప్పుడు నాకు కొంచెం తేడాగా అనిపించింది. తర్వాత అన్నారు వదినా, "వచ్చేవాడెవడైనా కొనేస్తే బావుణ్ణు. దానికి తెలియకుండా అయిపోతుంది" అని.

దానికి అంటే నాకే. నేను ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉన్నాను. నా చీర కొంగు గాలికి ఎగిరి గేరు మీద పడుతోంది. నేనక్కడ లేను ఆయనకి.

ఎందుకు, ఏమిటి అనేది తెలియదు, కానీ ఆ మనిషికి నేను కనిపించడం లేదని మాత్రం తెలిసిపోయింది. నోరు తెరిస్తే ఉలిక్కిపడి స్టీరింగు తిప్పేస్తారేమో. తెరవకపోతే ఇంకేం కానుందో. సూది వేల్లో దిగి రక్తం వస్తుంటే అలాగే పట్టుకుని కూర్చున్నాను. దిగడానికి లేదు, అరవడానికి లేదు. గోడ వచ్చింది, వెళ్ళింది. నా తలుపుకీ దానికీ మధ్య చెయ్యి పట్టదు.

వంతెన దగ్గర ఒకావిడ సైకిలుకి రెండు పక్కలా సంచులు తగిలించి, తోసుకుంటూ వెళుతోంది. మా ఎడమ పక్క. ఆయన గొణుగుడులో ఆవిడ లేదు. పోస్టాఫీసూ బడీ గోడా కదలవు కదా, ఆవిడ కదులుతోంది. బండి నేరుగా ఆవిడ మీదికే వెళుతోంది.

ఆ మాట నా నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. రోజూ భోజనానికి పిలిచే గొంతుతోనే, మెల్లిగా, "ఏమండీ, ఆగుతారా ఒకసారి" అన్నాను.

ఆగారు. ముప్పై ఏళ్ళ అలవాటు, కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. నా పక్క చక్రం సంచికి రాసుకుని నిలిచింది. ఆవిడ తిట్టుకుంటూ వెళ్ళిపోయింది, పాపం ఎంత గండం తప్పిందో ఆవిడకి తెలియదు. ఆయన మెడంతా ఇటు తిప్పి, నన్ను చూశారు.

"నువ్వెప్పుడొచ్చావే?"

"ఇంటి దగ్గర్నుంచీ ఉన్నానండీ."

స్టీరింగు మీద తల పెట్టుకున్నారు. వీపు నిమురుతూ కూర్చున్నాను. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నా ఇద్దరం లేవలేకపోయాం. కారు అక్కడే పక్కకి తోయించి, నడిచి వచ్చాం. నడుస్తుంటే ఆయనే చెయ్యి పట్టుకుని నన్ను తన కుడి పక్కకి మార్చుకున్నారు. "ఇటు ఉండు, ఇటైతే కనిపిస్తావు" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పారు.

నేను ఆయనకి ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చుని వడ్డిస్తాను వదినా. పెళ్ళైనప్పటి నుంచీ అదే నా చోటు. ఇన్నాళ్ళూ ఖాళీ పీటతో తిన్నారు పాపం, నేను కోపమనుకున్నాను. కంచంలో సగం కూర ఆయనకి లేనే లేదు.

బండిని టీచరమ్మ మా ఇంటికి తెచ్చిపెట్టింది. తాళంచెవి నేనే ఇచ్చాను, మీ వేదానికి విరుద్ధంగా. మీమీద కోపముంది. దాచలేను. కానీ ఆయనమీద, నామీద కూడా ఉంది కాబట్టి మీ వాటాకి వచ్చేది తక్కువే.

మీ మరదలు

*

మా ఇల్లు

తల్లీ,

నా వాటా ఎక్కువే వెయ్యి, మొయ్యగలను. నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నేనే ఆ సీట్లో కూర్చున్నట్టుంది.

ధర గురించి ఇక చెప్పను. ఏడ్చే ధరకన్నా కిందికి పోయినా పరవాలేదు, అది గుమ్మంలోంచి కదిలితే చాలు. వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావా? ఆయన ఏమన్నారో దాచకుండా రాయి. ఇకనుంచి దాచే పని ఎవ్వరం పెట్టుకోవద్దు.

కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాను ఇవాళ. పై నెల వస్తాను.

మీ వదిన

*

ఇల్లు, హాలు
ఫోను పక్క కుర్చీలో కూర్చుని

వదినా,

ఈ ఉత్తరం ఇంట్లోంచే రాస్తున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. ఏం రాస్తున్నావు అంటే "మీ మీద చాడీలు" అన్నాను.

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. పోయిన చూపు ఇక రాదన్నారు. ఇంకోసారి ఇలాంటిది రాకుండా మాత్రలు వాడాలి, వాడినా రాదని చెప్పలేమన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు నిద్ర సరిగా లేదు. ఆయన గిన్నె జారవిడిచినా, మాట కాస్త తడబడినా, చేతిలో పని వదిలి పరిగెత్తుతున్నాను. భయం తగ్గలేదు వదినా. ఇదివరకు దేనికి భయపడాలో తెలియక భయపడేదాన్ని, ఇప్పుడు తెలిసి భయపడుతున్నాను. తల తిప్పి చూడ్డం అలవాటు చేసుకోమన్నారు. మర్చిపోతే నేను గుర్తుచేస్తాను. నా పీట కుడి పక్కకి మారింది. కూర మొత్తం తింటున్నారు. ఉప్పెక్కువైందని వంక కూడా పెడుతున్నారు.

ఇక కారు. ఆదివారం టీచరమ్మ వచ్చింది. "నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి" అంది. ఆయన పక్క సీట్లో కూర్చోవడం నేను ఇంతవరకూ చూడలేదు. ఆ సీట్లో కూర్చుంటే నడిపే మనిషి ఆయనకి కుడివైపే, చక్కగా కనిపిస్తుంది. తిరిగొచ్చాక "గేరు మరీ గట్టిగా వేస్తారు మీరు" అని ఆవిడకే పాఠం చెప్పారు.

ధర దగ్గర మాత్రం మీరు ఉండాల్సింది. ఒప్పే ధర చెప్పండి అని నేను ముందే చెవిలో ఊదాను. సరేనని అదే చెప్పారు. ఆవిడ ఒక్క మాట తగ్గించమనకుండా ఒప్పేసుకుంది. బేరం అయిపోయింది కదా అని నేను ఊపిరి పీల్చుకునేలోపు ఆయన లేచి కారు ఎడమ పక్కకి వెళ్ళారు. చూపుతో కాదు, చేత్తో తడుముకుంటూ మొదలుపెట్టారు. తలుపు మీద గీత దగ్గర ఆగి, "ఇది నాది" అన్నారు. పగిలిన అద్దం, "ఇదీ నాదే." సొట్టలో అరచెయ్యి ఆనించి, "ఇది కూడా" అన్నారు. ఒక్కోదానికీ ధర తనే తగ్గించుకుంటూ వచ్చారు.

"నేను అడగలేదు కదండీ" అంది టీచరమ్మ.

"మీరు అడక్కపోయినా తగ్గాలమ్మా. ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. ఒక్కరికి గోరంత గాయం కాలేదు. ఇవి మాత్రం నావే" అన్నారు.

ఏడ్చే ధర దగ్గరికి వచ్చేసరికి నేనే ఆపి, టాపు కొత్తగా కుట్టాను, దానికి కలపండి అన్నాను. ఇద్దరూ నవ్వారు. అక్కడ తెగింది బేరం. కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు కాగితానికి ఎడమ పక్క ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపించాను. పెట్టారు.

కారు వెళుతుంటే ఇద్దరం గేటు దగ్గర నిలబడ్డాం. నేను ఆయన కుడి పక్కన. టీచరమ్మ చెయ్యి ఊపి, వీధిలోకి తీసి, ఎడమకు తిప్పింది.

"వెళ్ళిపోయింది" అన్నారు ఆయన.

నాకింకా కనిపిస్తూనే ఉంది. మా ఎర్ర కారు, నేను కుట్టిన టాపు వెనక్కి మడిచి. అవునండీ వెళ్ళిపోయింది అనేద్దామనుకున్నాను. కానీ దాచుకోవద్దని ఒప్పుకున్నాం కదా.

"ఇంకా ఉందండీ. తల ఎడమకి తిప్పండి, కనిపిస్తుంది."

ఆయన తిప్పలేదు. ఎదురుగా ఉన్న ఖాళీ రోడ్డు వైపే చూస్తూ నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు చూడవే" అన్నారు.

వీధి చివర మలుపు తిరిగేదాకా చూశాను.

మీ మరదలు